చిరంజీవి బ్లాక్ హీటర్ వైరుకు అత్తగారు వ్రాయు ఉత్తరం

మారతహళ్లి,
బెంగళూరు.

కారు ఇంజిన్‌ని వెచ్చబెట్టే చిరంజీవి బ్లాక్ హీటర్ వైరును అత్తగారు ఆశీర్వదించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. కెనడా ఉత్తరాన ఆ యెల్లోనైఫ్‌లో నీ క్షేమం గురించి అడగను. రోజూ ఫోన్‌లో వింటున్నది నీ సంగతులే. మాకు టిఫిన్ల వేళ, వాళ్లకి ముందురోజు రాత్రి. "ఏమే, తిన్నారా?" అంటే మా అమ్మాయి, "కారుకి ప్లగ్ పెట్టాలమ్మా, మళ్లీ చేస్తా" అని పెట్టేస్తుంది. వరసకి నువ్వు మాకేమవుతావో తెలియదు. ఆ ఇంట్లో మర్యాదలన్నీ నీకే జరుగుతున్నాయి కాబట్టి అల్లుడి వరస కలుపుకున్నాను.

ఇక్కడా చలి బాగానే ఉంది. తెల్లవారుజామున 15 డిగ్రీలు. మీ మామయ్యగారు మంకీ క్యాపు తీయడం లేదు. బెంగళూరులో అన్నిటికన్నా ఎక్కువ చలి 1884 జనవరిలో పడిందట, 7.8 డిగ్రీలు. ఆ ముక్క ఎక్కడో చదివినప్పటి నుంచి చలి విషయంలో ఆయనే పెద్ద. యెల్లోనైఫ్ రికార్డు 1947లో మైనస్ 51.2 అని అల్లుడు చెప్పినా తగ్గలేదు. "మాదీ చలేనయ్యా, ఆ మైనస్ ఒక్కటే తేడా" అన్నారు.

నిన్ను మొదటిసారి వీడియో కాల్‌లో చూశాను. వీళ్లు సెకండ్ హ్యాండ్ కారు కొన్నామని చూపిస్తుంటే ముందు గ్రిల్లులోంచి నల్లటి వైరు, దాని చివర ప్లగ్గు వేలాడుతున్నాయి. "వైరింగ్ సగంలో వదిలేసిన బండి అంటగట్టారు నాయనా నీకు" అన్నాను. అల్లుడు నవ్వి, "ఇంజిన్‌కి హీటర్ అత్తయ్యగారూ. కరెంటు ఇస్తే లోపలున్న కూలెంట్, అంటే మామూలుగా ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, వెచ్చబడుతుంది, ఇంజిన్ గడ్డకట్టుకుపోదు. ఇది లేకపోతే మైనస్ 35లో బండి కదలదు" అన్నాడు. అమెరికాలో నార్త్ డకోటాలోని గ్రాండ్ ఫోర్క్స్‌లో ఆండ్రూ ఫ్రీమన్ అనే ఆయన ఇలాంటిదానికి 1949లో పేటెంట్ తీసుకున్నాడట. అంతకుముందు కొందరు రాత్రి ఇంజిన్ ఆయిల్ డబ్బాలోకి దింపి, ఇంట్లో వెచ్చగా దాచి, పొద్దున మళ్లీ పోసుకునేవారట. అంటే నువ్వు రాకముందు కూడా ఆడవాళ్ల వంటింట్లో ఆ డబ్బా ఒకటి ఉండేదన్నమాట.

నా కడుపుమంట ఏమిటంటే, మా పెద్దపండక్కి కొత్తల్లుడికి ఏమేం చేశామో అవన్నీ ఇప్పుడు ఆ కారుకి జరుగుతున్నాయి. నూనె, వేడినీళ్లు, ఒంటికి దుప్పటి, కాళ్లకి కొత్త జోడు. చేసేవాడు ఎవరనుకున్నావు? పండగ నాలుగు రోజులూ సోఫాలోంచి లేవకుండా, చేతికందే దూరంలో ఉన్న ఏసీ రిమోట్ కోసం మా అమ్మాయిని కేకేసిన మహానుభావుడే. ఇప్పుడు రాత్రి తొమ్మిదింటికి రెండు ప్యాంట్లు, మూడు స్వెట్టర్లు తొడుక్కుని, మంచులో మోకాళ్ల మీద కూర్చుని, చేతి తొడుగు పళ్లతో లాగి, నీ ప్లగ్గులో ఇరుక్కున్న మంచు నోటి ఆవిరితో కరిగించి కరెంటు పోస్టుకి గుచ్చుతున్నాడు. వీడియోలో చూశాను. ఆ వినయం మా వీధి అరుగు మీద ఒక్కరోజైనా చూసి ఉంటే మీ మామయ్యగారు బండి కొనిపెట్టేవారు.

నూనె సంగతి చెప్పాలి. మా వీధి మెకానిక్ హిందూపురం కుర్రాడు. మా పాత బండికి 20డబ్ల్యూ50 అనే చిక్కటి ఇంజిన్ ఆయిల్ పోస్తాడు, చిక్కగా ఉంటే ఇంజిన్‌కి బలం అంటాడు. అక్కడ ఆ నూనె పోస్తే జిడ్డుముద్దై కూర్చుంటుందట. మైనస్ 40లో కూడా పంపు లాగగలిగేలా 0డబ్ల్యూ అనే పల్చటి రకమే పోయాలట. కూలెంట్ విషయంలోనూ మా వాడు, "నీళ్లు కలపొద్దని చెప్పండమ్మా, మొత్తం కూలెంటే పోస్తే ఏ చలీ ఏమీ చేయదు" అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. తీరా చూస్తే కూలెంట్‌లో ఉండే గ్లైకాల్, నీళ్లు కలపకపోతే మైనస్ 13కే గడ్డకడుతుందట! సగానికి సగం నీళ్లు కలిపితే మైనస్ 37 దాకా ఆగుతుంది. 60 పాళ్లు కూలెంట్, 40 పాళ్లు నీళ్లయితే మైనస్ 50 కూడా దాటుతుంది. నీళ్లు కలిపితే కల్తీ అని తిట్టే ఊళ్లో పుట్టినవాళ్లకి ఇది చెప్తే ఎవరు నమ్ముతారు? మెకానిక్ ఇంకా నమ్మలేదు.

అక్కడి చలికాలపు టైర్ల మీద మూడు శిఖరాల కొండ, అందులో మంచుపువ్వు గుర్తు ఉండాలట. మామూలు రబ్బరు 7 డిగ్రీలు దాటి దిగితే గట్టిపడుతుంది, ఇవి మెత్తగానే ఉంటాయి. మరీ చలి పడ్డ రాత్రి అవి కూడా నేలకి ఆనిన చోట చదునైపోయి, పొద్దున మొదటి నాలుగు వీధులూ దడదడలాడతాయట. మారతహళ్లి గుంతల్లో పెరిగిన పిల్లకి ఆ మాత్రం లెక్కలోకి రాదు. అన్నట్టు మా దగ్గర వాన పడితే రోడ్డు చెరువవుతుంది, మీ దగ్గర చలి పడితే చెరువే రోడ్డవుతుంది. గ్రేట్ స్లేవ్ సరస్సు మీద డెట్టా ఊరికి 6 కిలోమీటర్ల పైచిలుకు మంచురోడ్డు వేసి, దాని మీద కార్లు నడుపుతారట. మా రోడ్లు వేసే కాంట్రాక్టర్లకి ఈ సంగతి తెలియకపోవడమే మంచిది.

ఇంకొకటి అడగాలి. అద్దె ఇళ్ల ముందూ, ఆఫీసుల దగ్గరా నీకోసం ప్లగ్ పోస్టులు పాతి ఉంటాయట కదా, ఎలా ఒప్పించావు? మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన ఎలక్ట్రిక్ బండికి బేస్‌మెంట్‌లో ఒక్క ప్లగ్ పాయింట్ అడిగాడు. మీటింగులు, ఉప మీటింగులు అయ్యాయి. కరెంటు ఎవరిది, బిల్లు ఎవరిది, రేపు అందరూ అడిగితే ఏమిటి అని వాదనలు తెగలేదు. ఆయన పెట్రోల్ బండి కొనుక్కుని ఊపిరి పీల్చుకున్నాడు. ఒక్క రాత్రి మైనస్ 40 ఇటు పంపితే సెక్రటరీగారికి జ్ఞానోదయం అవుతుందేమో.

నీ మీద జాలి కూడా ఉంది. మొన్న ఆఫీసుకి లేటైందని అల్లుడు నిన్ను విప్పకుండానే బండి తీశాడట. పోస్టు దగ్గర ఎక్స్‌టెన్షన్ పటుక్కున ఊడి, నీ వెనకే ఈడ్చుకుంటూ మూడో వీధి దాకా వచ్చిందట. ఎదురొచ్చిన వాళ్లందరూ చెయ్యూపుతుంటే, ఊళ్లో మంచి మనుషులని ఈయనా చెయ్యూపాడట.

ఇక అసలు విషయం. ఈ సంక్రాంతికి రారట. ఎందుకయ్యా అంటే, "మూడు వారాలు కారు వదిలేస్తే ఎలా అత్తయ్యగారూ, రోజూ ప్లగ్ పెట్టేవాళ్లు ఎవరు, ఇంజిన్ పాడైపోతుంది" అన్నాడు. నేనూ పాపం నిజమే కదా అనుకునేదాన్నే, నీ పుణ్యమా అని ఇంత చదవకపోయి ఉంటే. నీ పని స్టార్ట్ చేసే ముందు నాలుగు గంటలు, అదీ టైమర్ పెడితే చాలు. బండి నడపని రోజున నీతో పనే లేదు. సరిగ్గా కూలెంట్ కలిపిన ఇంజిన్ చలిలో ఊరికే నిలబడితే పాడవదు. బ్యాటరీ అంటావా, చార్జింగ్ అయిపోయినదే మైనస్ 10 అటూఇటూగా గడ్డకడుతుంది, నిండుగా ఉన్నది మైనస్ 50కి కూడా కట్టదు. అంత భయమైతే విప్పి ఇంట్లో బూట్ల పక్కన పెట్టి తాళం వేసి రావచ్చు. తిరిగి వెళ్లాక బిగించి, నిన్ను గుచ్చి, స్నానం చేసి భోంచేసి వస్తే బండి రెడీ. ఈ ముక్కలన్నీ నిన్న అల్లుడికి మెసేజ్ పెట్టాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. టికెట్లు చూడమని మీ మామయ్యగారికి చెప్పేశాను.

ఇట్లు,
అత్తగారు

తా.క.: మీ మామయ్యగారు ఇక్కడి ఎలక్ట్రికల్ సామాన్ల బజారు ఎస్‌పీ రోడ్డుకి వెళ్లి చవగ్గా ఎక్స్‌టెన్షన్ వైరు కొని కొరియర్ చేస్తానంటున్నారు. ఇక్కడి ప్లాస్టిక్ వైరు ఆ చలికి కట్టెలా బిగుసుకుని వంచితే పగులుతుందని, పైగా అక్కడి ప్లగ్గుల్లో మన పిన్నులు దూరవని చెప్పాను. మంకీ క్యాపు పంపుతానంటున్నారు.