మహారాజశ్రీ ల్యాబ్ రికార్డు గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ సి ప్రోగ్రామింగ్ ల్యాబ్ రికార్డు గారికి,

బీటెక్ సీఎస్‌ఈ మొదటి సంవత్సరం విద్యార్థిని నమస్కరించి రాయునది ఏమనగా, తమరు ఇక్కడ క్షేమం. ఖాకీ అట్ట నలగలేదు, దాని మీది ప్లాస్టిక్ కవరు చిరగలేదు, లేబులు మీద నా హాల్‌టికెట్ నంబరు చెక్కుచెదరలేదు. నా క్షేమం సంగతి తమరికి అనవసరం కనుక రాయడం లేదు.

నిన్న మధ్యాహ్నం భోజనాల గంట మొదలు కాలేజీ బస్సులు హారన్ కొట్టేదాకా తమరిని గుండెకు హత్తుకుని స్టాఫ్ రూము బయట నిలబడ్డాను. సారు మీటింగులో ఉన్నారన్నారు, తర్వాత టీ తాగుతున్నారన్నారు, ఆ తర్వాత న్యాక్ తనిఖీ ఫైళ్లు సర్దుతున్నారన్నారు. చివరికి పిలుపు వచ్చింది. తమరు బల్ల మీద తెరుచుకున్నారు. ఎర్ర పెన్ను పేజీలు తిప్పుకుంటూ వెళ్లి ఒకచోట ఆగి, ఒక అంకెను అడ్డంగా కొట్టేసింది. "అవుట్‌పుట్ తప్పు. షీటు మార్చి మళ్లీ రాసుకురా."

కొట్టేసిన అంకె -25216.

దీని గురించే ఈ లేఖ. మిగతావి దారిలో వస్తాయి.

ఒకటి నుంచి ఇచ్చిన అంకె దాకా అన్నిటినీ హెచ్చించే ఫ్యాక్టోరియల్ ప్రోగ్రామ్ తమరికి కొత్త కాదు, తరతరాలుగా మోస్తున్నారు. మా క్లాసులో అందరి రికార్డుల్లోనూ ఇన్‌పుట్ 5, అవుట్‌పుట్ 120. వాళ్లలో చాలామందికి ఆ 120 చెప్పింది కంప్యూటర్ కాదు. రెండో సంవత్సరం అన్న రికార్డులో ఉంది. ఆయనకు మూడో సంవత్సరం అక్క రికార్డులోంచి వచ్చింది. ఆమెకు, ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్న మరెవరి దగ్గరనుంచో. వంశపారంపర్యంగా దిగివస్తున్న ఆస్తి అది. నేను అందులో వాటా అడగకుండా, ల్యాబులో నా వంతు వచ్చినప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుని, ప్రోగ్రామ్ టైపు చేసి నడిపాను. 5కి 120 వచ్చింది. 7కి 5040 వచ్చింది. 8 ఇచ్చాను. లెక్క ప్రకారం 40320 రావాలి. ఆ నీలం తెర మీద -25216 అని వచ్చింది.

చూసింది రాశాను. ఎడమ పేజీలో, పెన్సిలు గీతల మధ్య, తమరికి నచ్చే గుండ్రటి దస్తూరీతో.

తమరికి తెలియని సంగతి ఒకటి మనవి చేసుకుంటాను. మా ల్యాబులో ఇప్పటికీ టర్బో సి అనే కంపైలర్, అంటే మేం రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది, రాజ్యమేలుతోంది. బోర్లాండ్ సంస్థ 1987లో తెచ్చిన సరుకు అది. విండోస్‌కు ముందున్న డాస్ కాలం నాటిది కనుక ఇప్పటి విండోస్‌లో నేరుగా నడవదు. డాస్‌బాక్స్ అనే తొడుగు వేసి మరీ బతికిస్తున్నారు. అందులో పూర్ణాంకాలు దాచుకునే ఇంట్ అంటే 16 బిట్లు, అంటే రెండు బైట్లు. -32768 నుంచి 32767 దాకానే పడుతుంది. 40320కి అక్కడ చోటు లేదు. చోటు చాలనప్పుడు 65536 తీసేసి చూసుకుంటే మిగిలేది అక్షరాలా -25216. కంప్యూటర్ తప్పు చేయలేదు. తనకిచ్చిన ఇరుకులో చేయగలిగింది చేసి, దాచకుండా నాకు చూపించింది. ఆ రాత్రి నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు. ఏడాది మొత్తంలో కంప్యూటర్ నాతో తనంతట తానుగా ఒక మాట చెప్పింది అప్పుడే.

ఇందులో చిత్రం ఏమిటంటే, ఇంటర్నల్ వైవాలో ఇదే సారు నన్ను "ఇంట్ ఎన్ని బైట్లు?" అని అడిగారు. "రెండు సార్, 32767 వరకు" అన్నాను. "గుడ్" అన్నారు. నేను నోటితో చెబితే గుడ్. అదే సంగతిని కంప్యూటర్ చేసి చూపిస్తే ఎర్ర సిరా.

హద్దు దాటిన అంకె ఎర్ర పెన్నుకు భయపడే రకం కాదు. 1996 జూన్ 4న ఏరియన్-5 రాకెట్ మొదటిసారి నింగికి లేచింది. దారి చూపించే దాని సాఫ్ట్‌వేర్, 64 బిట్లలో ఉన్న ఒక విలువను 16 బిట్ల పూర్ణాంకంలోకి కుక్కబోయింది. పట్టలేదు. నిమిషం తిరగకముందే రాకెట్టు, అది మోస్తున్న నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలు ముక్కలై ఫ్రెంచ్ గయానా చిత్తడి నేలల్లో పడ్డాయి. ఆ కోడు ఏరియన్-4 నుంచి తెచ్చుకున్నది. అక్కడ ఏ ఇబ్బందీ పెట్టలేదు, పాత రికార్డులో 120 లాగే. విచారణ సంఘం కూర్చుని ఆ 16 బిట్ల కథ వెలికితీసింది. ఆ సంఘంలో ఎర్ర పెన్ను గనక ఉండి ఉంటే "అవుట్‌పుట్ తప్పు, రాకెట్టు మార్చి మళ్లీ ఎగరేసుకురండి" అని పంపించేది.

సారును అనడం కూడా న్యాయం కాదు. ఆయన బల్ల మీద మూడు సెక్షన్ల రికార్డులు గోడలా పేర్చి ఉన్నాయి. అన్నీ చదవాలంటే ఆయనకు మరో జన్మ కావాలి. అందుకని కంటితో కొలుస్తారు. మార్జిను ఉందా, శీర్షికల కింద గీత పడిందా, అవుట్‌పుట్ ఎడమవైపు ఉందా, మిగతా వాళ్లు రాసిందే ఉందా. ఆయన చేత అలా కొలిపిస్తున్నది నువ్వు.

అవును, నువ్వే. నీకు కావలసింది ప్రోగ్రామ్ కాదు, ప్రోగ్రామ్ బొమ్మ. ముందు అల్గారిథం, తర్వాత ఫ్లోచార్టు, ఆ తర్వాత ప్రోగ్రామ్ అని వరుస పెట్టావు. ఇక్కడ అందరూ చేసేది, మొదట ప్రోగ్రామును నకలు చేసి, దాన్ని చూసి ఫ్లోచార్టు గీసి, ఆ ఫ్లోచార్టు చూసి అల్గారిథం అల్లడం. నీకేం పట్టింది? పేజీలో ఏది పైన ఉంటే అదే ముందు జరిగిందని నమ్ముతావు. నీ ఇండెక్స్‌లో తేదీలు వారానికొకటి చొప్పున ఎంత బుద్ధిగా నిలబడి ఉంటాయో! మొత్తం రాసేది పరీక్షకు ముందు రాత్రి. అనుమానం రాకుండా మధ్యమధ్య పెన్నులు మారుస్తారు. ఆ మాత్రం తెలివి ప్రోగ్రాముల మీద పెట్టి ఉంటే ఈ పాటికి మా సెక్షన్‌లో సగం మంది కంపైలర్లు రాసేవాళ్లు.

ముందు అబ్జర్వేషన్ బుక్కులో రాయాలి, దిద్దించుకోవాలి, అప్పుడు నీలోకి ఎక్కించాలి. ఒకే ఫర్ లూపును చేత్తో రెండుసార్లు రాసిన నేను కీబోర్డు మీద ఒక్కసారైనా కొట్టానా అని అడిగినవారు లేరు. కంప్యూటర్ ల్యాబులో, ఏసీ గాలికి, కీబోర్డును పక్కకు నెట్టి ఆ చోటులో నిన్ను పరిచి రాసుకుంటాం. కాగితం మీద సెమికోలన్ మరిచిపోతే ఏ ఎర్రరూ రాదు. స్కాన్‌ఎఫ్‌లో ఇచ్చిన అంకె ఎక్కడ దాచాలో చెప్పే అండ్ గుర్తు వదిలేసిన ప్రోగ్రామ్‌కు నీ పేజీలో సంతకం పడటం నేను కళ్లారా చూశాను. పక్కనే 10, 20 ఇస్తే మొత్తం 30 వచ్చినట్టు అవుట్‌పుట్ కూడా ఉంది, చుట్టూ స్కేలుతో గీసిన చక్కటి డబ్బాలో. ఆ 30 ఎక్కడి నుంచి వచ్చిందో డబ్బా గీసినవాళ్లనే అడగాలి.

చేత్తో రాయడం పవిత్రం అంటావా? 1843లో ఏడా లవ్‌లేస్ బెర్నూలీ సంఖ్యలను లెక్కకట్టే పద్ధతిని కాగితం మీద పట్టికగా రాసింది. ఆమెకు వేరే దారి లేదు. ఏ యంత్రం కోసం రాసిందో దాన్ని రూపొందించిన బాబేజ్ కట్టి పూర్తి చేయనేలేదు. పైగా ఆ పట్టికలో ఒక భాగహారం తలకిందులుగా పడింది. లోకం మొదటి ప్రోగ్రాముగా చెప్పుకునేదానిలోనే ఒక తప్పు ఉంది. నీలో మాత్రం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వెతికినా ఒక్కటి దొరకదు. మొదటి సంవత్సరం పిల్లలం, ఏడా లవ్‌లేస్‌ను మించిపోయాం.

నీ కులంలో దండం పెట్టదగ్గ పుస్తకం ఒక్కటుంది. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్ మార్క్ 2 కంప్యూటర్ మొరాయిస్తే, వెతికినవాళ్లు రిలే అనే ఒక విద్యుత్ స్విచ్చులో ఇరుక్కున్న రెక్కల పురుగును బయటికి తీశారు. తీసి పారేయలేదు. లాగ్‌బుక్కులో ఆ రోజు పేజీ మీదే టేపుతో అతికించి, నిజంగా బగ్ దొరికిన మొదటి సందర్భం ఇదని పక్కన రాశారు. ఆ పేజీ ఇప్పుడు అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. పురుగు ఉంది కనుకే దాచారు. నువ్వు వచ్చే వేసవిలో పాత పేపర్లవాడి తూకానికి వెళతావు. అదీ నిన్ను ఏ జూనియరూ అడిగి తీసుకోకపోతేనే.

చిన్న చిన్నవి కూడా చెప్పేస్తాను. నీలో ప్రతి ప్రోగ్రాములోనూ మొదట్లోనే కోనియో అనే హెడర్ ఫైలు, చివర మీట నొక్కేదాకా తెరను ఆపే గెట్‌సీహెచ్. అవి సి భాషా ప్రమాణంలో ఎన్నడూ లేవు. మూడో సంవత్సరంలో ఉద్యోగాల కోసం ఆన్‌లైన్ పరీక్షకు కూర్చుని, అలవాటు కొద్దీ ఆ వరుస కొట్టి, ఎర్రర్ చూసి చెమటలు పట్టిన అన్నలు హాస్టల్ నిండా ఉన్నారు. స్ట్రింగుల ప్రయోగంలో, కొట్టిన వరుస ఎంత పొడవున్నా చోటు చూడకుండా లోపలికి తీసుకునే గెట్స్ అని ఒకటి కాపురం ఉంటోంది. 1988లో ఇంటర్నెట్‌ను కుంగదీసిన మోరిస్ వర్మ్ అనే ప్రోగ్రామ్ దూరిన కన్నాల్లో అదొకటి. 2011 ప్రమాణంలో దాన్ని భాష నుంచే వెళ్లగొట్టారు. నీ ఇంట్లో మాత్రం అద్దె కూడా అడగరు.

పండక్కి నిన్ను ఇంటికి తీసుకెళితే మా నాన్న అన్ని పేజీలూ తిరగేసి, "అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి తల్లీ, కంప్యూటర్ బాగా వచ్చేసిందన్నమాట" అని మురిసిపోయారు. ఆయనకు నేనేమీ చెప్పలేదు.

కాలేజీలో చేరిన కొత్తలో, కంప్యూటర్ సైన్సులో బాగుపడాలంటే ఏం చేయాలని ఎవరిని అడిగినా నీ పేరే చెప్పారు. "కోడింగ్ ఎప్పుడైనా వస్తుంది చెల్లెమ్మా, రికార్డు మాత్రం ఆపకు." ఇందులో అబద్ధం లేదు, అదే బాధ. ఇంటర్నల్ మార్కులు నీ కొంగున కట్టుకుని కూర్చున్నావు. వచ్చే ఏడాది నన్నూ అడుగుతారు. ఈఏపీసెట్ ర్యాంకు చేత్తో పట్టుకుని, సీఎస్‌ఈ రాకపోతే సీఎస్‌ఎం, అదీ రాకపోతే సీఎస్‌డీ అని ఆప్షన్లు పెట్టుకుని వచ్చే పిల్లలు. వాళ్లకు చెప్పబోయేది నీ ఎదుటే చెబుతున్నాను.

రికార్డు రాయండి, తప్పదు. నేనూ రేపు షీటు మార్చి 5కి 120 అని రాసుకొస్తాను, మార్కులు నాకూ కావాలి. కానీ మామూలు నోటుబుక్కు ఒకటి వేరే పెట్టుకోండి. అట్ట వేయకండి, మార్జిను గీయకండి. అందులో మీకొచ్చిన ఎర్రర్లు రాయండి. కంపైలర్ ఏమన్నది, మీరేమనుకున్నారు, చివరికి అసలు సంగతి ఏమిటి. సెమికోలన్ ఒక వరుసలో మరిచిపోతే కంపైలర్ తరచు కింది వరుసను వేలెత్తి చూపిస్తుందని ఒకసారి రాసుకున్నవాళ్లు, ఏ పాపమూ ఎరుగని ఆ కింది వరుసను గంటసేపు తిట్టుకోరు. ఇఫ్‌లో రెండు సమానాల గుర్తులకు బదులు ఒకటే పెడితే చాలాసార్లు ఎర్రర్ కూడా రాదని, ప్రోగ్రామ్ హాయిగా నడిచి తప్పుడు జవాబు చెబుతుందని తెలిసేదీ అక్కడే. ఏ ప్రోగ్రాముకైనా పాఠంలో ఉన్న 5 ఇచ్చి ఊరుకోకండి. సున్నా ఇవ్వండి, మైనస్ 3 ఇవ్వండి, అంకెలు అడిగినచోట మీ పేరు కొట్టి చూడండి. ఇంట్లో జీసీసీ అనే ఇప్పటి కంపైలర్ ఉన్నవాళ్లు ఇంట్‌తోనే ఫ్యాక్టోరియల్ రాసి 13 ఇవ్వండి. అక్కడ ఇంట్ 32 బిట్లు కనుక 12 దాకా బాగానే ఉంటుంది. 13కి 6227020800 రావలసిన చోట 1932053504 అని వస్తుంది. ఈసారి మైనస్ గుర్తు కూడా ఉండదు. చూడటానికి పెద్దమనిషిలా ఉంటుంది, అనుమానించబుద్ధి కాదు. ల్యాప్‌టాప్ లేనివాళ్లు బెంగపడకండి. ల్యాబులో కంప్యూటర్లు ఖాళీగానే ఉంటాయి, వాటి ముందు కూర్చున్నవాళ్లు రికార్డు రాసుకుంటుంటారు కనుక.

మహారాజశ్రీ రికార్డు గారూ, కొంత నోరు జారాను. చివరగా ఒక్క మనవి. వచ్చే సెమిస్టరులో డేటా స్ట్రక్చర్స్ ల్యాబుకు తమరి తమ్ముడు గారు వేంచేస్తున్నారని విన్నాను. అందులో ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బాకు బాణం వేస్తూ పోయే లింక్డ్ లిస్టు ఉంటుంది. ఆ డబ్బానే నోడ్ అంటారు. మధ్యలో ఉన్న నోడ్‌ను తీసేయాలంటే ఏ బాణాన్ని ముందు మార్చాలి, ఏది తర్వాత అన్నది కీబోర్డు ముందు కూర్చుంటే తోచదు. డబ్బాలు, బాణాలు కాగితం మీద గీసుకోవలసిందే. ప్రోగ్రామ్ తనను తానే పిలుచుకునే రికర్షన్ కూడా అంతే, ఏ పిలుపు లోపల ఏ పిలుపు ఉందో మెట్లుమెట్లుగా రాసుకుంటేనే బుర్రకెక్కుతుంది. ఆ పని కాగితం తప్ప ఎవరూ చేయలేరు, తమరి దగ్గర గీతలు లేని ఎడమ పేజీలు ఎన్నో ఉన్నాయి. అక్కడ మమ్మల్ని తప్పుగా గీసి, కొట్టేసి, మళ్లీ గీయనివ్వండి. కొట్టివేతలున్న పేజీకి కూడా సంతకం పెట్టవచ్చని ఎర్ర పెన్నుకు తమరే ఒక మాట చెప్పండి. మేం చెబితే వినదు.

ఇట్లు,
తమరి బరువు మోస్తున్న
మొదటి సంవత్సరం, బి సెక్షన్ విద్యార్థిని

తా.క.: తమరి మొదటి పేజీలో బోనఫైడ్ సర్టిఫికెట్ ఒకటి అచ్చయి ఉంది. ఈ ప్రయోగాలన్నీ ఈ విద్యార్థి స్వయంగా చేసినవని అందులో రాసి ఉంది. దాని కింద సంతకానికి మాత్రం ఎవరూ ఎదురుచూడనక్కర్లేదని, అడిగిన రోజే పెట్టేస్తారని సీనియర్లు చెప్పారు.