నోటీసు బోర్డు గారికి 22వ తేదీ బాధితురాలు రాయునది

మహారాజశ్రీ ఎడ్యుకేషన్ విభాగం నోటీసు బోర్డు గారి దివ్య సముఖమునకు, ఎంఎడ్ రెండో సంవత్సరం విద్యార్థిని నమస్కరించి రాయునది ఏమనగా,

ఉభయ కుశలోపరి అని మొదలుపెట్టాలి. ఇక్కడ నేను కుశలంగా లేను. మీరు మాత్రం నిక్షేపంగా ఉన్నారు. సాయంత్రం నాలుగున్నర దాకా మీ ఎదురుగానే ఉన్నాను కాబట్టి కళ్ళారా చూశాను. ఎడమవైపు అద్దం పగులు ఇంకో అంగుళం పెరిగింది. తాళానికి తుప్పు బాగా పట్టింది. మిగతాదంతా యథాతథం.

మీ ఒంటి మీద కుడివైపు మూలన ఒక కాగితం ఉంది. "22వ తేదీ మధ్యాహ్నం 2 గంటలకు సెమినార్ హాలులో ఎంఎడ్ విద్యార్థులకు రాబోయే ఉద్యోగ, పరిశోధన అవకాశాలపై అవగాహన సదస్సు. హాజరు తప్పనిసరి." కింద సంతకం, సంతకం మీద రబ్బరు స్టాంపు. సంక్రాంతి సెలవుల ముందు దాన్ని చూసి ఫోటో తీసుకున్నాను. తప్పనిసరి అన్నారు కదా, తప్పకుండా వచ్చాను. ఈ రోజు క్లాసులు లేవు. దీని కోసమే మా ఊరి నుంచి రెండు బస్సులు మారి వచ్చాను. ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్టే, ఆ పుణ్యం ప్రభుత్వానిది. పోనూ రానూ నాలుగు గంటల ప్రయాణానికి జీరో టికెట్ ఎవరు ఇస్తారు?

హాల్లో మేం నలుగురం. కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటే మేమే దించి, చున్నీ కొంగుతో దుమ్ము దులిపి, పది వరసలు వేశాం. వచ్చేవాళ్ళకు ఇబ్బంది కాకూడదని ముందు వరస ఖాళీగా కూడా ఉంచాం. చూడండి మా సంస్కారం. రెండయింది. రెండున్నరయింది. స్వరూప తెచ్చిన పల్లీలు అయిపోయాయి. మూడింటికి ఒక కుక్క వచ్చి ముందు వరసలో, ముఖ్య అతిథి చోట పడుకుంది. పొద్దుట్నుంచి ఆ హాలుకు వచ్చిన ఏకైక వక్త అదే. నాలుగు దాటాక అటెండర్ అంకుల్ తాళాలగుత్తి పట్టుకుని వచ్చి మమ్మల్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏం బిడ్డా, గిట్ల కూసున్నరు?"

చెప్పాం. ఆయన నవ్వలేదు పాపం, నవ్వి ఉంటే బాగుండేది. "గది పోయినేడుది బిడ్డా. గా మీటింగు ఎప్పుడో అయిపాయె. చాయ్ గూడ నేనే పోసిన" అన్నాడు.

పోయిన సంవత్సరానిది. నోటీసులో తేదీ ఉంది, టైము ఉంది, స్టాంపు ఉంది. నెల లేదు, సంవత్సరం లేదు. ఏ నెలలోనైనా 22వ తేదీ వస్తుంది కాబట్టి ఆ నోటీసుకు చావు లేదు. నెలకొకసారి కొత్త బాధితుల్ని పట్టుకుంటుంది. మాకు ముందు డిసెంబరులో ఎవరు కూర్చున్నారో, ఫిబ్రవరిలో ఎవరు కూర్చుంటారో.

మీతో నాకున్న పేచీ దీనితోనే అయిపోయేది. బస్సుకు ఇంకా గంట టైముంది కదా, ఆ కాగితం తీసేద్దాం అనుకున్నాం. అంకుల్ జాలిపడి తాళం తీశాడు. నాలుగు గుండుసూదులు పీకి ఆ కాగితం పైకెత్తితే కింద ఇంకొకటి. దాని కింద ఇంకొకటి. తమిళనాడులో పురాతన నగరం బయటపడ్డ కీళడి తవ్వకాల్లో కూడా ఇన్ని పొరలు దొరికి ఉండవు.

మొదటి పొర, రెండు రోజుల జాతీయ సదస్సు. నూతన విద్యా విధానం, సవాళ్ళు, అవకాశాలు. సదస్సులన్నిటికీ సవాళ్ళు, అవకాశాలు అనే పేరు ఎందుకుంటుందో నాకు ఇప్పుడు తెలిసింది. అవకాశాలు వాళ్ళవి, సవాళ్ళు మావి. పత్రం పంపితే "యూజీసీ కేర్ జాబితాలోని పత్రికలో" అచ్చు వేయిస్తామని రాసి ఉంది. నమ్మదగిన పరిశోధన పత్రికలంటూ యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) పెట్టిన జాబితా అది. దాన్నే 2025లో ఎత్తేసింది. మీ వరకు కబురు రాలేదేమో.

రెండో పొర, "నెట్ రాయబోతున్న మన విద్యార్థులకు శుభాకాంక్షలు", 2024 జూన్. నెట్ అంటే అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు, పరిశోధన ఫెలోషిప్‌కు రాసే జాతీయ పరీక్ష. ఆ జూన్ 18న దేశమంతా తొమ్మిది లక్షల మందికి పైగా రాసిన పరీక్షను 19న రద్దు చేశారు. ఆగస్టు 21 నుంచి సెప్టెంబరు 4 దాకా మళ్ళీ పెట్టారు. మా సీనియర్ ఒకామె రెండుసార్లూ రాసింది. ఫలితాలొచ్చాయి, ఏడ్చేవాళ్ళు ఏడ్చారు, జేఆర్ఎఫ్ అనే ఆ ఫెలోషిప్ వచ్చినవాళ్ళు నెలకు 37,000 తీసుకుంటున్నారు. మీ లెక్కలో మాత్రం ఆ పరీక్ష ఇంకా జరగాల్సే ఉంది. ఆల్ ది బెస్ట్.

మూడో పొర, 5,089 టీచరు పోస్టుల డీఎస్సీ నోటిఫికేషన్, పేపర్ కటింగ్. దాన్ని రద్దు చేశారు, 11,062 పోస్టులతో కొత్తది ఇచ్చారు, పరీక్షలు పెట్టారు, 2024 అక్టోబరులో నియామక పత్రాలు పంచారు. ఆ ఉద్యోగం వచ్చిన మా ఊరి రమక్క ఇప్పుడు స్కూల్లో పిల్లలకు ఎక్కాలు చెబుతోంది. మీరింకా రద్దయిన నోటిఫికేషన్‌నే గుండెకు హత్తుకుని ఉన్నారు. దాని కింద "మాస్కు లేనిదే ప్రవేశం లేదు". ఆ తర్వాత ఇంకేం లేదు.

ఇవన్నీ నవ్వుకుంటూ చదివాం. నలుగురమూ పగలబడి నవ్వాం. అసలు సంగతి ఎడమవైపు, ఫీజు నోటీసు పక్కన దొరికింది.

ఢిల్లీలో ఒక సంస్థ. పది రోజుల వర్క్‌షాప్. విద్యాశాస్త్రంలో పీజీ, పరిశోధక విద్యార్థులకు. విషయం: క్షేత్ర పరిశోధనలో పిల్లలను ఇంటర్వ్యూ చేయడం ఎలా. ముప్పై మందికి అవకాశం. భోజనం, వసతి ఉచితం. రాను పోను థర్డ్ ఏసీ చార్జీలు వాళ్ళే ఇస్తారు.

నా డిసర్టేషన్, అంటే ఎంఎడ్ పరిశోధన వ్యాసం, దేని మీదో మీకు తెలియదు కదా. పాలమూరు నుంచి ఇటుక బట్టీలకు వలసపోయే కూలీల పిల్లల మీద. తల్లిదండ్రులు వలసపోతే ఆ పిల్లలు ఊళ్ళోనే ఉండి చదువుకోవడానికి సీజనల్ హాస్టళ్ళు ఉంటాయి. అక్కడికి రెండుసార్లు వెళ్ళాను. ప్రశ్నావళి పట్టుకుని కూర్చుంటే ఒక్క పిల్లాడూ నోరు విప్పలేదు. "మీ నాన్న ఎక్కడుంటాడు?" అంటే ఒకడు లేచి నీళ్ళ ట్యాంకు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. ఎలా అడగాలో నాకు తెలియలేదు. గైడుగారిని అడిగితే "శాంపిల్ సైజు పెంచమ్మా" అన్నారు. సరిగ్గా అది నేర్పే వర్క్‌షాప్ ఇది. నా కోసమే పెట్టినట్టుంది.

చివరి తేదీ, డిసెంబరు 31.

ఈ రోజు జనవరి 22.

ఇక "మీరు", "గారు" నా వల్ల కాదు. నువ్వే అంటాను. ఆ కాగితం మీద ఉన్న తేదీలన్నీ ఒక్కొక్కటే చదివాను, విను. ఢిల్లీలో సంతకం పెట్టింది నవంబరు 29. మన ఆఫీసు ఇన్‌వర్డ్ ముద్ర డిసెంబరు 4. పదిహేను వందల కిలోమీటర్లు అయిదు రోజుల్లో వచ్చేసింది, శభాష్ తపాలా శాఖ. పైన ఎర్ర ఇంకుతో "నోటీసు బోర్డులో పెట్టండి" అని సంతకం, డిసెంబరు 11. ఇంకా ఇరవై రోజుల గడువుంది. నీ మీదికి ఎప్పుడు వచ్చిందని అంకుల్‌ని అడిగితే, సంక్రాంతి సెలవుల ముందు శుక్రవారం అన్నాడు. అంటే జనవరి 9. ఆ సంతకం పెట్టిన బల్ల నుంచి నీ దాకా నేనే నడిచి లెక్కపెట్టాను. పద్దెనిమిది అడుగులు. ఇరవై తొమ్మిది రోజులు. ఒక్కో అడుగుకు రోజున్నర పైన. దారిలో ఏ టీ కప్పు కింద నిద్రపోయిందో, మూలన గుండ్రటి మరక కూడా ఉంది.

గడువు అయిపోయిందని తెలిసీ ఎందుకు పెట్టారు? అంకుల్ చెప్పాడు. పెట్టినట్టు ఫోటో తీసి ఫైల్లో పెట్టుకోవాలట, తనిఖీకి ఎవరైనా వస్తే చూపించడానికి. "విద్యార్థులకు అవకాశాల గురించి తెలియజేస్తున్నాము" అనే పేజీలో ఆ ఫోటో ఉంటుందన్నమాట. అందులో నువ్వు నున్నగా మెరుస్తూ ఉంటావు. పగులు పడకుండా పక్క నుంచి తీసి ఉంటారు.

నేను ఇంతవరకు థర్డ్ ఏసీ బోగీ ఎక్కలేదు. దుప్పటి, దిండు కవర్లో పెట్టి ఇస్తారట కదా. సరేలే.

నీకు చేతకానిది కాదు, అదే నా కడుపుమంట. ఫీజు నోటీసు చూడు. బయటికొచ్చిన రోజే నీ నడిమధ్య ఉంటుంది, ఎర్ర స్కెచ్‌తో గీతలు గీసుకుని, అపరాధ రుసుము ఏ తేదీ దాటితే ఎంతో రూపాయి తేడా లేకుండా. దానికి నెలా ఉంది, సంవత్సరమూ ఉంది. ఇక నీ అద్దం మీద బయటి నుంచి గమ్ముతో అంటించిపోయే కాగితాలు ఇంకా ఫాస్టు. "థీసిస్ రాయబడును, డేటా అనాలిసిస్ చేయబడును." "ఎంఎడ్ సర్టిఫికెట్లు ఇస్తే చాలు, కాలేజీకి రానక్కర్లేదు, తనిఖీ రోజు వస్తే సరిపోతుంది." దొంగ అవకాశాలన్నీ టైముకు వస్తాయి. వాటికి ఇన్‌వర్డ్ నంబరు అక్కర్లేదు కదా.

పైగా ఇది ఎడ్యుకేషన్ విభాగం. వేరే విభాగం నోటీసు బోర్డయితే పోనీలే అనుకునేదాన్ని. బీఎడ్‌లో బోధనోపకరణాల పేపర్లో నీ మీదే ప్రశ్న వచ్చింది: "మంచి బులెటిన్ బోర్డుకు ఉండవలసిన లక్షణాలు రాయండి." నేను రాశాను. సమాచారం ఎప్పటికప్పుడు మారుస్తూ ఉండాలి. చూసేవారి కంటి ఎత్తులో ఉండాలి. ఒకదాని మీద ఒకటి పెట్టరాదు. పదికి ఎనిమిది ఇచ్చారు. నువ్వు ఆరడుగుల వాళ్ళ కోసం మేకు కొట్టించుకున్నావు, అయిదడుగుల నేను కాళ్ళ వేళ్ళ మీద లేచి చదవాలి. నీ కింది సగం విరిగిన బెంచీ వెనకుంది. నిన్ను చూపించి అదే ప్రశ్న మళ్ళీ ఇస్తే, లక్షణాల బదులు రోగలక్షణాలు రాయాలి.

థార్న్‌డైక్ అనే మనస్తత్వవేత్త గురించి కూడా ఈ బిల్డింగులోనే చెప్పారు. సంసిద్ధతా నియమం. మనిషి ఒక పనికి సిద్ధంగా ఉన్నప్పుడు ఆ పని చేయనివ్వకపోతే చిరాకు పుడుతుందని ఆయన తేల్చాడు. పాపం పిల్లుల్ని పెట్టెలో పెట్టి తంటాలు పడ్డాడు. ఇక్కడికి వచ్చి ఉంటే సెమినార్ హాల్లో నలుగురం రెడీగా ఉండేవాళ్ళం.

వాట్సాప్ గ్రూపు ఉంది కదా అంటావు. ఉంది. పొద్దున్నే గులాబీ పువ్వుల గుడ్ మార్నింగులు, పుట్టినరోజు కేకులు, వచ్చే వారం మేడారానికి ఎవరెవరు వస్తారని లెక్కలు. జాతరకు బస్సులు మళ్ళిస్తే నేను క్యాంపస్‌కు ఎలా రావాలో దాంట్లోనూ ఉండదు.

నిన్ను తిట్టడం ఇక్కడ ఆపాలి. ఎందుకంటే మా సోషల్ సార్ గుర్తొచ్చారు. హైస్కూల్లో మాకు చెప్పిన సార్, ఆయనా ఇక్కడే చదివారు. నేను ఎంఎడ్‌లో చేరుతున్నానని చెబితే ఒకే మాట అన్నారు: "రోజూ బోర్డు చూడమ్మా, మర్చిపోకు. నా ఉద్యోగం కబురు నాకు ఆ బోర్డే చెప్పింది." అప్పట్లో నువ్వు అలా ఉండేదానివట. ఆయన మాట మీద ఏడాదిన్నరగా వచ్చిన ప్రతి రోజూ నీ ముందు రెండు నిమిషాలు నిలబడుతున్నాను, గుళ్ళో నిలబడ్డట్టు. ఇంటర్న్‌షిప్ స్కూళ్ళ జాబితా నీ మీదే చూసుకున్నాను. నా పేరులో ఒక అక్షరం తప్పు కొట్టారు, అయినా ఫోటో తీసి అమ్మకు పంపాను. స్వరూప పరిచయమైంది కూడా ఇక్కడే, ఇద్దరం ఒకే కాగితం కోసం కాళ్ళ వేళ్ళ మీద లేచినప్పుడు. నీ పక్కనున్న ప్లగ్గులో చార్జింగు కూడా బాగా ఎక్కుతుంది. అది ఒప్పుకోవాలి.

నాలుగున్నరకు మేం పొరలన్నీ విప్పి బెంచీ మీద పేర్చాం. ఎన్నాళ్ళకో నీ అసలు రంగు కనిపించింది, ఆకుపచ్చ గుడ్డ, మధ్యలో ఎండ తగలని చోట ఇంకా కొత్తగా ఉంది. బాగానే ఉన్నావు. అద్దం తుడిచాం. వర్క్‌షాప్ కాగితం నేను మడిచి బ్యాగులో పెట్టుకున్నాను, నీకెలాగూ ఫోటో ఉంది.

బస్సు టైమైందని గేటు దాకా వెళ్ళి ఎందుకో వెనక్కి తిరిగి చూశాను. అంకుల్ ఆ 22వ తేదీ నోటీసును అరచేత్తో సాపు చేసి, అదే మూలన, అవే సూదులతో మళ్ళీ గుచ్చుతున్నాడు. పరుగెత్తుకుంటూ వెనక్కి వచ్చాను. "అదేంటి అంకుల్, అది పాతదని మీరే చెప్పారు కదా!"

"పెట్టుమని కాయితం ఇచ్చిండ్రు బిడ్డా. తీయుమని ఎవ్వలు ఇయ్యలే."

అందుకని ఈ ఉత్తరం. ఒక ప్రతి ఆఫీసు ఇన్‌వర్డ్‌లో ఇస్తున్నాను, ఒకటి నీ అద్దం మీద బయటి నుంచి గమ్ముతో అంటిస్తున్నాను, ముందుగా చేరేది అదే కాబట్టి.

జవాబు పంపడానికి చివరి తేదీ: 22. నెల, సంవత్సరం నీ ఇష్టం.

ఇట్లు,
ఎంఎడ్ నాలుగో సెమిస్టర్,
ముందు వరస ఖాళీగా ఉంచిన నలుగురిలో ఒకతె
2026 జనవరి 22, గురువారం