బంగారు బియ్యం: తూకం ఎక్కడ వేయాలి?

బంగారు బియ్యమంటే, శరీరం విటమిన్ ఎగా మార్చుకునే బీటా కెరోటిన్‌ను జన్యుమార్పిడితో గింజలోకి తెచ్చిన వరి. పాలిష్ పట్టిన మామూలు తెల్ల బియ్యంలో బీటా కెరోటిన్ దాదాపు ఉండదు. ముడి బియ్యంలో తవుడు పొరను అంటిపెట్టుకుని లూటీన్, జియాజాంథిన్ అనే పసుపు రంగు పదార్థాలతో పాటు కొద్దిగా కనిపించేది కూడా మర పట్టగానే తవుడుతో పోతుంది. ఎర్ర బియ్యం, నల్ల బియ్యం తింటే ఆ లోటు తీరుతుందన్న నమ్మకం ఈమధ్య బాగా వ్యాపించింది గానీ, ఆ ఎరుపు ప్రోయాంథోసయనిడిన్లనే వేరే రంగు పదార్థాలది, నలుపు ఆంథోసయనిన్లనే వాటిది. ఆ రంగుల నుంచి శరీరం విటమిన్ ఎ తయారు చేసుకోలేదు.

మొక్కజొన్నలో పసుపు గింజల రకాలు సహజంగానే ఉన్నందువల్ల, జాంబియాలో నారింజ రంగు మొక్కజొన్నను మామూలు సంకరణంతోనే సాధించారు. వరికి ఆ దారి లేకపోయింది, ఎందుకంటే గింజ లోపలి పిండి భాగంలో కెరోటిన్ నిండిన రకం దొరకలేదు. అక్కడ కెరోటిన్ తయారీకి కావలసిన ముడిసరుకు ఉన్నా, దాన్ని తొలి మెట్టు ఎక్కించే ఫైటోయీన్ సింథేస్ అనే ఎంజైము పనిచేయదు. ఇంగో పొట్రికస్, పీటర్ బేయర్ అనే శాస్త్రవేత్తల బృందం డాఫడిల్ మొక్క నుంచి ఆ ఎంజైము జన్యువును, ఒక బాక్టీరియా నుంచి మరో జన్యువును తెచ్చి చేర్చి, 2000లో ప్రకటించిన ఫలితం గ్రాము బియ్యానికి 1.6 మైక్రోగ్రాముల కెరోటినాయిడ్లు (బీటా కెరోటిన్, దాని కుటుంబానికి చెందిన రంగు పదార్థాలు). 2005లో సింజెంటా అనే విత్తన కంపెనీ శాస్త్రవేత్తలు డాఫడిల్ జన్యువుకు బదులు మొక్కజొన్న జన్యువును వాడి దాన్ని గరిష్ఠంగా 37కు పెంచారు.

ప్రచారంలో ఎక్కువగా వినిపించేది ఈ 37. అది మేలైన మొక్కల్లో దొరికిన గరిష్ఠ అంకె, పైగా అన్ని కెరోటినాయిడ్ల మొత్తం. ఫిలిప్పీన్స్ క్షేత్రాల్లో పండించి పాలిష్ చేసిన జీఆర్2ఇ అనే బంగారు బియ్యం రకంలో బీటా కెరోటిన్ గ్రాముకు సుమారు 2 నుంచి 7 మైక్రోగ్రాములే. 2018లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ బియ్యం భద్రతను ప్రశ్నించకుండానే, పోషక ప్రయోజనం చాటుకునేందుకు అందులోని బీటా కెరోటిన్ చాలదంది. వ్యతిరేకులు ఆ ఒక్క వాక్యాన్నే పట్టుకున్నారు. అమెరికన్లు తినే అన్నం ఎంత, మూడు పూటలా అన్నమే తినే ఇంట్లో పిల్లలు తినేది ఎంత అన్న తేడాను మాత్రం వదిలేశారు.

లెక్క వేసి చూద్దాం. గ్రాముకు 5 మైక్రోగ్రాముల చొప్పున 100 గ్రాముల బియ్యంలో 500 మైక్రోగ్రాముల బీటా కెరోటిన్ ఉంటుంది. బంగారు బియ్యంపై 2009లో వెలువడిన అధ్యయనం ప్రకారం 3.8 పాళ్ల బీటా కెరోటిన్‌కు ఒక పాలు రెటినాల్ (శరీరం వాడుకునే విటమిన్ ఎ) వస్తుంది కాబట్టి, ఆ 500 నుంచి 130 మైక్రోగ్రాములు దక్కాలి. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు అమెరికా ప్రమాణం చెప్పే 400లో ఇది మూడో వంతు. తీసిపారేయదగ్గ మొత్తం కాదు. అయితే ఆ అధ్యయనంలో పాల్గొన్నది అయిదుగురు ఆరోగ్యవంతులైన పెద్దలు, వారికి అన్నంతో వెన్న కూడా పెట్టారు. కొవ్వు లేకుండా కెరోటిన్ సరిగా ఒంటబట్టదు, విటమిన్ లోపమున్న ఇంట్లో మొదట కరువయ్యేది ఆ కొవ్వే. ఇదే బియ్యంతో చైనా పిల్లలపై జరిగిన 2012 నాటి అధ్యయనాన్ని, సమ్మతి తీసుకున్న తీరు సరిగా లేదన్న కారణంతో, 2015లో ఉపసంహరించారు.

ఇక నిల్వ. గాలి, వేడి తగిలేకొద్దీ కెరోటిన్ క్షీణిస్తుంది, పాలిష్ చేశాక మరింత త్వరగా. వాదోపవాదాల్లో వినిపించే అంకెలు చాలావరకు కోత తర్వాత కొలిచినవి, పళ్లెంలో కొలిచినవి కావు.

మన స్వర్ణ వరి రకానికీ ఇందులో ఒక అధ్యాయం ఉంది. మార్టేరులో పుట్టిన ఈ ఎంటీయూ 7029లోకి జీఆర్2-ఆర్1 అనే, బంగారు బియ్యంలో మొదట ఎంచుకున్న రకపు జన్యువులను ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఎక్కించి చూస్తే, చేర్చిన జన్యువు వరి సొంత జన్యువొకదాన్ని చెడగొట్టిందని, మొక్క గిడసబారి దిగుబడి తగ్గిందని 2017లో తేలింది. రంగు వచ్చింది గానీ పంట రాలేదు.

ఫిలిప్పీన్స్ అప్పీళ్ల కోర్టు 2024 ఏప్రిల్‌లో ఈ బియ్యం సాగు అనుమతులను రద్దు చేసింది. ఆ వ్యాజ్యం భద్రత గురించి. పోషణ విలువ తేలాలంటే మాత్రం కొన్ని నెలలు గోనె సంచిలో నిల్వ ఉంచిన బియ్యాన్ని వండి, వార్చి, విటమిన్ ఎ లోపమున్న పిల్లలకు వాళ్ల ఇంటి కూరతోనే పెట్టి, వారి రక్తంలో రెటినాల్ కొలవాలి.