బాల్టిక్ దండయాత్ర: పద్నాలుగు మంది, ఎనిమిది రోజులు, ఒక రైస్ కుక్కర్

లిథువేనియా, లాట్వియా, ఎస్తోనియా అనే మూడు బాల్టిక్ దేశాల మీద జరిగిన దండయాత్రల గురించి చరిత్ర పుస్తకాల్లో చాలానే ఉంది. 1201లో బిషప్ ఆల్బర్ట్ వచ్చి ఇప్పటి లాట్వియాలోని రీగా నగరానికి పునాది వేశాడు. 1219లో డెన్మార్క్ రాజు రెండో వాల్డెమార్ వచ్చి ఇప్పటి ఎస్తోనియాలోని టాలిన్‌ని పట్టుకున్నాడు. 1621లో స్వీడన్ రాజు, 1710లో రష్యా చక్రవర్తి పీటర్ సైన్యం, 1812లో నెపోలియన్, ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు జర్మన్లూ సోవియట్లూ వచ్చారు. కానీ మొన్న జూన్‌లో జరిగిన తెలుగువారి దండయాత్ర గురించి ఇంతవరకు ఒక్క చరిత్రకారుడూ ఒక్క ముక్క రాయలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ నివేదిక.

పైన చెప్పిన వీరుల్లో ఎవరినీ ఎవరూ బ్యాంకు స్టేట్‌మెంటు అడగలేదన్న సంగతి మొట్టమొదటే నమోదు చేస్తున్నాను. వీసా ఇవ్వడానికి మమ్మల్ని అడిగారు. తిరిగి వెళ్ళిపోతామని రుజువు కూడా అడిగారు. వాల్డెమార్ దగ్గర ఆ రుజువు తీసుకుని ఉంటే ఎంత బాగుండేదో ఎస్తోనియా వాళ్ళకే తెలియాలి.

మా సైన్యం బలం పద్నాలుగు. ఏజెంటు దీన్ని "స్మాల్ గ్రూప్ సార్, పర్సనల్ అటెన్షన్" అన్నాడు. మా వైపు పద్నాలుగు మందిని గ్రూపు అనరు, పెళ్ళిచూపులంటారు. పెద్ద గుంపులో మనిషి తప్పిపోతాడు, చిన్న గుంపులో తప్పించుకోలేడు. నేను బాత్రూమ్‌కి వెళ్తే పదమూడు మందికి తెలుస్తుంది. రావడం ఆలస్యమైతే కారణం మీద చర్చ జరుగుతుంది. చివరికి ఎవరో ఒకరు ఇంగువ మాత్ర ఇస్తారు. పర్సనల్ అటెన్షన్ అంటే ఇదేనని మూడో రోజుకి గాని అర్థం కాలేదు.

సేనాని, అంటే మా గైడ్, లిథువేనియా రాజధాని విల్నియస్‌కి చెందిన ఆవిడ, నలభై దాటిన మనిషి, చేతిలో పసుపుపచ్చ గొడుగు. సైన్యంలో ముఖ్యులు ముగ్గురు. ఇరిగేషన్‌లో ఈఈగా, అంటే ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా, రిటైరైన పెద్దాయన, ఆయన్ని అందరం ఈఈగారనే అన్నాం. సంస్కృతం చెప్పి రిటైరైన మాస్టారు. విజయవాడలో బట్టల కొట్టున్న దంపతుల్లో భార్య, ఆవిడ రెండో రోజు నించే అందరికీ వదినగారు. రైస్ కుక్కర్ ఆవిడదే. ఆవకాయ, కందిపొడి, ఉప్మారవ్వ కూడా ఆవిడవే. నెపోలియన్‌కి సరుకులు అందక సైన్యం చితికిపోయిందంటారు. అతనికో వదినగారు లేకపోవడమే అసలు లోపం.

బ్రోచర్ భాష గురించి కొంచెం చెప్పాలి. "సందర్శన" అని ఉంటే లోపలికి వెళ్తాం. "ఫోటో స్టాప్" అంటే బస్సు దిగుతాం, లోపలికి వెళ్ళం. "పానోరమిక్" అంటే బస్సు కూడా దిగం. ఇది చూసి వేరేవాళ్ళు కంగారు పడతారేమో గాని, తిరుమల క్యూలో పెరిగినవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. లఘు దర్శనం, మహాలఘు దర్శనం అన్న మాటలు కనిపెట్టినవాళ్ళం. పదహారు గంటలు కంపార్టుమెంట్లో కూర్చుని, స్వామి ముందు రెండు సెకన్లు నిలబడి, "దర్శనం దివ్యంగా జరిగింది" అంటూ లడ్డూల లైన్‌కి నడిచే జాతి మనది. ఎనిమిది వందల ఏళ్ళ చరిత్రకి ఎనిమిది రోజులంటే రోజుకి వందేళ్ళు. ధారాళంగా ఇచ్చినట్టే.

మొదటి కోట విల్నియస్. నెపోలియన్ 1812 జూన్ 28న ఇక్కడికొచ్చి జూలై 16 దాకా ఉన్నాడు, దాదాపు రెండున్నర వారాలు. మేం రెండు రాత్రుల్లో ముగించాం. సెయింట్ ఆన్ చర్చిని చూసి, అరచేతిలో పెట్టుకుని పారిస్ పట్టుకుపోవాలనుందని ఆయన అన్నట్టు ఒక కథ ఉంది. గైడ్ ఆ కథ చెప్పింది గానీ ఈఈగారు వినలేదు. ఆ చర్చికి ముప్పై మూడు రకాల ఇటుకలు వాడారని ఆవిడ అంతకుముందే నోరు జారింది. ఆయన గోడ పక్కన చేరి లెక్క పెడుతున్నారు. పదకొండో రకం దగ్గర గొడుగు లేచింది. "ఇంకా ఇరవై రెండు ఉన్నాయమ్మా" అని ఆయన బతిమాలుకున్నారు. అది ఫోటో స్టాప్, సందర్శన కాదు.

డిసెంబరులో మాస్కో నించి వెనక్కొచ్చిన నెపోలియన్ సైన్యం చలికీ ఆకలికీ ఈ ఊళ్ళోనే రాలిపోయింది. 2001లో ఒకచోట తవ్వుతుంటే మూడు వేల మందికి పైగా అస్థికలు బయటపడ్డాయి. గైడ్ ఈ మాట చెప్పాక బస్సులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనక సీట్లోంచి ఒక గొంతు: "అందుకే స్వెట్టర్ పెట్టుకోమన్నాను, విన్నారా?"

మాస్టారి ఘట్టం కూడా ఇక్కడే. లిథువేనియా భాషలో నిప్పుని ఉగ్నిస్ అంటారు, పొగని దూమస్ అంటారు, కొడుకుని సూనుస్ అంటారు. అగ్ని, ధూమం, సూనుడు. గైడ్ ఒక సామెత చెప్పింది: దేవుడు పళ్ళిచ్చాడు, రొట్టే ఇస్తాడు. ఆ దేవుడు వాళ్ళకి దియెవస్, ఆ పళ్ళు దాంతిస్. మాస్టారు లేచి నిలబడ్డారు. "నారు పోసినవాడు నీరు పోయడా!" అని ఆనందబాష్పాలతో అనువదించి, ఈ దేశం ఒకప్పుడు మనదేనని ప్రకటించారు. బస్సు చప్పట్లు కొట్టింది. లిథువేనియా భాషా సంస్కృతమూ దూరపు దాయాదులన్నది నిజమే. కానీ తెలుగు ఆ కుటుంబంలోదే కాదు. అగ్నీ ధూమమూ మనం సంస్కృతం దగ్గర అరువు తెచ్చుకున్నవి. అరువు నగలు పెట్టుకుని వియ్యాలవారి హోదా అడుగుతున్నాం. ఈ మాట నేను బస్సులో అనలేదు. చిన్న గ్రూపు కదా, ఇంకా ఆరు రోజులున్నాయి.

అదే ఊళ్ళో ఉజుపిస్ అని ఒక పేట ఉంది. అక్కడి కళాకారులు 1997 ఏప్రిల్ 1న దాన్ని స్వతంత్ర గణతంత్రంగా ప్రకటించుకుని, రాజ్యాంగం రాసుకుని, అద్దాల్లాంటి పలకల మీద చాలా భాషల్లో చెక్కించి గోడకి తగిలించారు. కుక్కకి కుక్కలా ఉండే హక్కుందట. ప్రతి ఒక్కరికీ ఖాళీగా కూర్చునే హక్కుందట. ఆ హక్కు చదవడానికి మాకిచ్చిన సమయం పన్నెండు నిమిషాలు. పలకల్లో మొహం బాగా కనిపిస్తోందని ఎనిమిది నిమిషాలు జుట్టు సర్దుకోవడానికే పోయాయి. ఆ రాజ్యాంగం చివర్లో ఓడించకు, ఎదురుతిరగకు, లొంగిపోకు అని ఉంది. ఇన్ని సైన్యాల్ని చూసిన ఊరు గనక అలా రాసుకుంది. మేం మాత్రం గొడుగు లేవగానే లొంగిపోయాం.

దారిలో షౌలేయ్ దగ్గర శిలువల దిబ్బ. సోవియట్లు ఎన్నిసార్లు బుల్డోజర్లు పెట్టి తుడిచేసినా, జనం రాత్రిళ్ళు వచ్చి మళ్ళీ శిలువలు నాటిపోయేవారు. ఇప్పుడవి లక్ష దాటాయంటారు. ఇక్కడ జోకులేమీ తోచలేదు. బాత్రూమ్‌కి మాత్రం డబ్బులు తీసుకున్నారు.

రీగాలో నల్లతలల వారి భవనం దగ్గర మా సైన్యానికి తొలి ఎదురుదెబ్బ. పెళ్ళికాని వర్తకుల సంఘానిది ఆ భవనం, మొదట పద్నాలుగో శతాబ్దంలో కట్టింది. అంటే మన అమీర్‌పేట బ్యాచిలర్ హాస్టల్ లాంటిదే, కాకపోతే ముందు ఆరేసిన తువ్వాళ్ళకి బదులు బంగారు రంగు బొమ్మలుంటాయి. అందరం నోరెళ్ళబెట్టి చూస్తుంటే గైడ్ మెల్లగా అసలు సంగతి చెప్పింది. 1941లో బాంబులకి కూలింది, 1948లో మిగిలిన గోడల్ని కూడా పడగొట్టారు, ఇప్పుడు కనిపిస్తున్నది 1990ల్లో మళ్ళీ కట్టింది. ఈఈగారు ఫోన్ జేబులో పెట్టేసుకున్నారు. "మా డివిజన్ ఆఫీసు దీనికంటే పాతది. అదీ కారుతోంది, ఎవరూ చూడ్డానికి రారు."

అసలు యుద్ధం సెంట్రల్ మార్కెట్‌లో జరిగింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి జెప్పెలిన్ షెడ్ల భాగాలు తెచ్చి 1930 నాటికి అయిదు పెద్ద మండపాలుగా కట్టిన బజారది. ఆకాశ నౌకలు ఆగాల్సిన చోట పొగబెట్టిన చేపలు, తేనె, రై రొట్టెలు, ఇంకా ఊరగాయలు. తొట్లకి తొట్లు దోసకాయలు, వెల్లుల్లి, క్యాబేజీ. వదినగారు ఒక తొట్టి ముందు ఆగిపోయారు. తెల్ల ఆప్రాన్ కట్టుకున్న పెద్దావిడ ఒక దోసకాయ ముక్క కోసిచ్చింది. వదినగారు కళ్ళు మూసుకుని నమిలి తీర్పు చెప్పారు: "ఉప్పు సరిపోయింది. సోయికూర వేశారు. కారమే లేదు పాపం." అని హ్యాండ్‌బ్యాగులోంచి స్టీలు డబ్బా తీశారు.

ఇద్దరికీ కలిసిన భాష ఒక్కటీ లేదు. పెద్దావిడ రై రొట్టె ముక్క అంచుకి ఆవకాయ అద్దుకుని నోట్లో పెట్టుకుంది. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తర్వాత మెడ ఎర్రబడింది, తర్వాత చెవులు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆప్రాన్ కొంగుతో తుడుచుకుంది. మా గుండెలు జారిపోయాయి, రెండు దేశాల మధ్య గొడవేదో అవుతుందనుకున్నాం. ఆవిడ నెమ్మదిగా పక్క దుకాణం వైపు తిరిగి, చేపలమ్మే ఇంకో ఆవిడని పిలిచి, ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి, డబ్బా చూపించింది. ఇరుగుపొరుగు అన్నది ఏ దేశంలోనైనా ఒకటే సంస్థ.

ఈ విజయానికి మూల్యం ఉంది. నలభై నిమిషాలు ఆలస్యం. దాంతో ఆల్బర్టా వీధి ఫోటో స్టాప్ నించి పానోరమిక్‌కి దిగజారింది. సినిమా దర్శకుడు ఐసెన్‌స్టైన్ తండ్రి మిఖాయిల్ ఆర్ట్ నూవో అనే శైలిలో కట్టిన మేడలవి, గోడల నిండా సింహాలు, ముసుగులు, నోరు తెరిచిన మొహాలు. బస్సు అద్దంలోంచి చూస్తుంటే ఆ మొహాలు మమ్మల్ని చూసే నోళ్ళు తెరిచాయేమో అనిపించింది.

ఆ రాత్రి హోటల్ వాళ్ళు కుక్కర్ వాడొద్దన్నారు. భోజనం ఆర్డరిస్తే సైకిల్ మీద ఒక కుర్రాడు తెచ్చాడు. మా మాటలు విని గుమ్మంలో ఆగిపోయాడు. "అంకుల్, తెలుగా?" ఖమ్మం వైపు వాడు. ఇక్కడే ఇంజినీరింగ్ చదువుతూ సాయంత్రాలు ఇలా తిరుగుతున్నాడు. డిసెంబర్లో తొమ్మిదింటికి తెల్లారి మూడున్నర దాటగానే చీకటి పడుతుందని చెప్పాడు. మేం ఉదయం చూసిన మేడల గురించి గొప్పగా చెప్పి, "ఆర్ట్ నూవో బాబూ, చూడాల్సిందే" అన్నాను. వాడు నవ్వాడు. "లిఫ్టు లేని అయిదంతస్తుల బిల్డింగులు అవేనా అంకుల్? రోజూ ఎక్కుతాను. వాటికి పేరుందని ఇప్పుడే తెలిసింది." వదినగారు వాడికి డబ్బా మొత్తం ఇచ్చేశారు. మా సైన్యం ఇక కారం లేకుండానే ముందుకు సాగింది.

టాలిన్ గురించి క్లుప్తంగా చెప్తాను, అప్పటికి అందరి మోకాళ్ళూ అయిపోయాయి. ఆ రాళ్ళ వీధులు గుర్రాల కోసం వేసినవి, మోకాలి చిప్పల కోసం కాదు. ఉప్పు వ్యాపారం మీద బతికిన ఊరు. టౌన్‌హాల్ చౌక్‌లో 1422 నాటికే ఉన్న మందుల షాపు ఇంకా నడుస్తోంది. ఒకప్పుడు అక్కడ కాల్చిన తేనెటీగలు కూడా మందే. ఈఈగారు బీపీ మాత్ర అడిగితే ప్రిస్క్రిప్షన్ కావాలన్నారు. ఆరు వందల ఏళ్ళలో సాధించిన అభివృద్ధి ఇదేనా అని ఆయన బాధపడ్డారు. మొదటి క్రిస్మస్ చెట్టు మాదంటే మాదని టాలిన్‌కీ రీగాకీ మధ్య తగవుంది. ఒకరు 1441 అంటారు, ఇంకొకరు 1510 అంటారు. కాకినాడ కాజా, తాపేశ్వరం కాజా విషయం తెలిసినవాళ్ళెవరూ అందులో వేలు పెట్టరు.

1972లో తెరిచిన విరు హోటల్ పై అంతస్తులో సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీ వాళ్ళు కూర్చుని విదేశీ అతిథుల మాటలు వినేవారట. ఆ అంతస్తు ఇప్పుడు మ్యూజియం. మా పద్నాలుగు మంది మాటలు ఒక్క వారం విని ఉంటే సోవియట్ యూనియన్ ఇంకా ముందే కూలేది.

శనివారం వదినగారి ఒంటిపూట. పొద్దు వాలాక గాని ఫలహారం చెయ్యరు. జూన్‌లో టాలిన్‌లో పొద్దు పదిన్నర దాటితే గాని వాలదు. తొమ్మిదింటికి కూడా కిటికీలో ఎండ. మాస్టారిని ధర్మసందేహం అడిగారు. ఆయన చాలాసేపు ఆలోచించి, ఉపవాసం మొక్కుకున్నది విజయవాడలో గనక అక్కడి సూర్యుడే లెక్క అని తీర్పిచ్చారు. అక్కడ అప్పటికి అర్ధరాత్రి దగ్గరపడుతోంది. వదినగారు అరటిపండు ఒలిచారు.

ఆఖరి రోజు తూంపెయ కొండ మీద, పొడుగు హెర్మన్ బురుజు కింద నిలబెట్టి గైడ్ ఒక సంగతి చెప్పింది. 1989 ఆగస్టు 23న సాయంత్రం ఏడింటికి, ఈ బురుజు నించి మేం బయల్దేరిన విల్నియస్ దాకా, ఆరు వందల కిలోమీటర్లకు పైగా, దాదాపు ఇరవై లక్షల మంది పదిహేను నిమిషాలు చేతులు పట్టుకుని నిలబడ్డారు. సోవియట్ యూనియన్ నించి మా దేశాలు మాకు కావాలని. అప్పుడావిడకి ఆరేళ్ళు. వాళ్ళ కారు ట్రాఫిక్‌లో ఇరుక్కుని మెయిన్ రోడ్డు దాకా చేరనే లేదు. అక్కడే పొలం గట్టు పక్కన దిగి, ముందు కారువాళ్ళ చేతులూ వెనక కారువాళ్ళ చేతులూ పట్టుకున్నారు. పక్కావిడ చెయ్యి చెమటగా ఉండటం ఒక్కటే తనకి గుర్తుందట.

మనమూ పట్టుకుందామన్నారు మాస్టారు. పట్టుకున్నాం. ఫోటో ఎవరు తీస్తారన్న ప్రశ్న వచ్చింది. నేను బయటికొచ్చాను, పదమూడు మంది మిగిలారు. వదినగారి ఒక చేతిలో కుక్కర్ సంచి, దాన్ని కింద పెట్టనన్నారు. ఈఈగారు మనిషికి మీటరున్నర చొప్పున లెక్క వేసి, ఇరవై మీటర్లు కూడా రాలేదని తేల్చారు. గైడ్ గొడుగు మూసి చంకలో పెట్టుకుని, కుక్కర్ సంచికి రెండో పిడి పట్టుకుంది.

"ఇప్పుడు తియ్యండి" అంది.