1930కి ఫోన్ చేయొద్దట!

పొద్దుటి నుంచి ఈ ఫార్వర్డ్ రావడం ఇది నాలుగోసారి. మొదట బావమరిది పంపాడు. తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపు, ఆ తర్వాత పదో తరగతి బ్యాచ్, ఇందాక మా పెద్దమ్మ. ఆవిడైతే పైన మూడు దండం బొమ్మలు కూడా పెట్టింది. ‘సైబర్ శిక్షణ పేరుతో మన సొమ్ము స్వాహా’ అని పెద్దక్షరాలు, కింద అయిదు పాయింట్లు. పోలీసులకు, కింది స్థాయి ఉద్యోగులకు ప్రభుత్వాలు ఇప్పిస్తున్న సైబర్ శిక్షణంతా నాటకమని సారాంశం. పోనీలే అనుకున్నాను. కానీ నాలుగో పాయింట్, సైబర్ మోసాల మీద ఫిర్యాదు చేసే నంబరు 1930కి ఫోన్ చేయొద్దంటోంది. అది చదివాక పోనీలే అనబుద్ధి కాలేదు.

ముందు చిల్లర సంగతులు తేల్చేద్దాం.

‘ప్రైవేటు కంపెనీలతో ఒప్పందమంటే మన డేటా అమ్మేయడమే.’ 2018 జనవరిలో కేంద్ర ఐటీ శాఖ మొదలుపెట్టిన సైబర్ సురక్షిత్ భారత్ గురించి కాబోలు. మైక్రోసాఫ్ట్, ఇంటెల్, విప్రో అందులో భాగస్వాములే, కాదనను. అయితే అక్కడ జరిగేది ప్రభుత్వ శాఖల ఐటీ అధికారులకు కొద్దిరోజుల క్లాసులు. క్లాసుకెళ్లే అధికారి మీ ఆధార్ కార్డు జేబులో వేసుకుని వెళ్లడు. కంపెనీలు తమ సరుకు గొప్పలు చెప్పుకుంటాయా అంటే చెప్పుకుంటాయేమో. అది వేరే గొడవ.

‘మన ఊళ్లలో హ్యాక్ చేయడానికి ఏముంది?’ 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు ఆంధ్రలో పోలీసు కంప్యూటర్లే కొన్ని మూతపడ్డాయి. విరుగుడు అప్‌డేట్ మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. వేసుకోనివాళ్లు మునిగారు. రెండేళ్లకు రెండు రాష్ట్రాల కరెంటు పంపిణీ సంస్థల వెబ్‌సైట్లకూ రాన్సమ్‌వేర్ తగిలింది. ‘తర్వాత గుర్తుచేయి’ అన్న బటన్ నొక్కకూడదని ఉద్యోగికి ఎవరో ఒకరు చెప్పాలిగా?

‘దొంగలు కంబోడియాలో ఉంటే మన కానిస్టేబుల్ ఏం చేస్తాడు?’ దొంగ అక్కడే ఉండొచ్చు. డేటా ఎంట్రీ ఉద్యోగమని తీసుకెళ్లి మోసాల కాల్స్ చేయించారని 2024 మేలో అక్కణ్నుంచి బయటపడి వచ్చిన విశాఖ కుర్రాళ్లే చెప్పారు. కానీ డబ్బు నేరుగా కంబోడియాకు ఎగిరిపోదు. ముందు ఇక్కడే, కమీషన్‌కు ఆశపడి ఎవడో అద్దెకిచ్చిన ఖాతాలో పడుతుంది. అక్కణ్నుంచి నాలుగు ఖాతాల్లోకి, వాటినుంచి పదింట్లోకి, చివరికి ఏటీఎంకో క్రిప్టోకో. ఈ మజిలీల్లో చాలావరకు మన దేశంలోనే ఉంటాయి. అడ్డుకోవలసింది అక్కడ.

ఇక ఆ నాలుగో పాయింట్, ఉన్నదున్నట్టు: ‘1930కి చేస్తే పైసా రాదు, పరువు పోతుంది. డబ్బు వెనక్కి తెప్పించే ప్రైవేటు ఎక్స్‌పర్టులు ఉన్నారు, వాళ్లను కలవండి.’

ఇది రాసినవాడు అమాయకుడంటే నేను నమ్మను. పోయిన డబ్బు తెప్పిస్తామని అడ్వాన్స్ గుంజడం అన్నది విడిగా ఒక మోసం. ఒకసారి మునిగినవాణ్ని మళ్లీ ముంచడం వాళ్లకు తేలిక, ఎందుకంటే వాడు అప్పటికే టెన్షన్‌లో ఉంటాడు.

మా వీధిలో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఉన్నారు. పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయని వీడియో కాల్‌లో బెదిరిస్తే మూడు లక్షలు పంపేశారు. నేనే స్టేషన్‌కు తీసుకెళ్లాను. ముందు కూర్చున్న పెద్దాయన, ‘తెల్ల కాగితం తెచ్చుకున్నారా? అసలిది మా పరిధిలోకి వస్తుందో రాదో’ అని మొదలెట్టాడు. ఈలోగా లోపల్నుంచి ఒక చిన్న వయసు కానిస్టేబుల్ అమ్మాయి వచ్చి, ‘కాగితం తర్వాత, ముందు ఫోన్ ఇవ్వండి మేడమ్’ అంది. బ్యాంకు మెసేజ్ వెతికి లావాదేవీ నంబరు పన్నెండంకెలూ అరచేతి మీద పెన్నుతో రాసుకుంటూనే 1930కి కలిపింది. ఖాతా, టైము, మొత్తం, నంబరు గబగబా చెప్పేసింది. అటువైపు ఫిర్యాదు నమోదవగానే అది మన బ్యాంకుకు, అక్కణ్నుంచి డబ్బు చేరిన బ్యాంకుకు వెళ్తుంది. ఇంకా మిగిలింది ఎంతుంటే అంత ఆపుతారు. లక్షా పది వేలు ఆగాయి. మిగతాది అప్పటికే దాటిపోయింది. పెద్దాయన కాగితం కోసం మేము జిరాక్స్ షాపుకు వెళ్లి ఉంటే ఆ లక్షా పది వేలు కూడా దాటేవి.

ఆ పెద్దాయనకూ ఆ అమ్మాయికీ తేడా తెలివిలో లేదు. ఆమె సైట్రెయిన్ అని కేంద్రం పోలీసులకు ఆన్‌లైన్‌లో ఇచ్చే సైబర్ కోర్సు చేసింది, ఆయన చేయలేదు. దేశంలో లక్షమందికి పైగా పోలీసులు అందులో నమోదయ్యారు. ఇది నాటకమైతే, ఇలాంటి నాటకాలు రోజూ రెండు షోలు వేయమనండి.

అంకెలు కావాలా? 2021లో ఈ ఏర్పాటు మొదలైనప్పటి నుంచి 2025 మధ్య వరకు 17 లక్షలకు పైగా ఫిర్యాదుల్లో దాదాపు 5,489 కోట్లు ఆపగలిగామని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. ఒక్క 2024లోనే జనం పోగొట్టుకున్నది 22 వేల కోట్లు దాటింది, కాబట్టి ఇదేమీ ఘనవిజయం కాదు. కానీ ‘పైసా రాదు’ అన్న మహానుభావుడికి 5,489 కోట్లలో ఎన్ని పైసలుంటాయో లెక్క వచ్చో రాదో.

అయిదో పాయింట్: ‘వీళ్ల వల్ల అమాయకుల ఖాతాలు ఫ్రీజ్ అవుతున్నాయి.’

దీన్నీ ఉతికేద్దామనే కూర్చున్నాను. కానీ ఇది నిజం. మా సందు చివర టిఫిన్ బండి దగ్గర ఎవడో ఇడ్లీ తిని అరవై రూపాయలు స్కాన్ చేశాడు. అది మోసం సొమ్మట. ఎక్కడో వేరే రాష్ట్రంలో కేసు, ఇక్కడ ఇతని ఖాతా మొత్తం బంద్. బ్యాంకులో అడిగితే పోలీసులను అడగమన్నారు, పోలీసులను అడిగితే కేసు మాది కాదన్నారు. అరవై రూపాయలు ఆపాల్సినచోట పిల్లాడి స్కూలు ఫీజుతో సహా ఆగిపోయింది. మూడు వారాలు తిరిగాడు. ఎంత శిక్షణ ఇస్తే ఇది ఆగుతుందో నేను చెప్పలేను. ఎంత మేరకు ఆపాలన్నదానికి గట్టి కట్టుబాటు కావాలి, పొరపాటు జరిగితే వెళ్లి అడగడానికి ఒక మనిషి, ఒక బల్ల ఉండాలి. ఇప్పుడు బండికి స్కానర్ లేదు, ‘నగదు మాత్రమే’ అన్న అట్టముక్క వేలాడుతోంది.

దాని మీద రాయండి ఫార్వర్డ్. మా పెద్దమ్మకు ముందు నేనే పంపుతాను.