బ్యాటరీ పీకుడా, పాత కీబోర్డా?

దిల్‌సుఖ్‌నగర్‌ల మా బామ్మర్దిది జిరాక్స్ షాపు. కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లతోని వైరస్ వస్తున్నదని బయోస్‌లకు (విండోస్ కంటే ముందు లేచే, బోర్డు సెట్టింగ్స్ ఉండే ప్రోగ్రాం) పోయి లెగసీ యూఎస్‌బీ సపోర్ట్ (విండోస్ రాకముందు యూఎస్‌బీ కీబోర్డ్‌ను నడిపించే సెట్టింగ్) డిసేబుల్ కొట్టిండు. విండోస్ వచ్చినంక కీబోర్డ్ మంచిగనే నడుస్తది, కానీ ఆన్ చేయంగనే డిలీట్ ఎంత కొట్టినా బయోస్ తెరుచుకోదు, ఆ సెట్టింగ్ వాపస్ మార్చరాదు. నేను సికింద్రాబాద్‌ల కంప్యూటర్ల మార్కెట్ సీటీసీల రిపేర్లు చేస్త. ఆదివారం షట్టర్ సగం దించి కొట్లాడుకున్నం. రాసేది నేనే కాబట్టి నా మాటలు జర ఎక్కువుంటయి, ఏమనుకోకుండ్రి.

బామ్మర్ది: సింపుల్ బావా, బోర్డు మీద బయోస్ సెట్టింగ్స్ కాపాడే ఆ బిళ్ళ బ్యాటరీ పీకి మళ్ల పెడితే అన్నీ డీఫాల్ట్‌కు వస్తయి.

బావ: నిన్న పీకినవ్ గదా, ఏమైంది?

బామ్మర్ది: అర్ధగంట బయటనే పెట్టిన. ఏం కాలే.

బావ: ప్లగ్గు తీసినవా?

బామ్మర్ది: షట్‌డౌన్ చేసిన గదా!

బావ: షట్‌డౌన్ చేస్తే కరెంట్ పోయినట్టు కాదురా. ప్లగ్గు గోడకు ఉన్నంతసేపు ఎస్ఎంపీఎస్, అంటే పవర్ సప్లై డబ్బా, 5 వోల్టుల స్టాండ్‌బై ఇస్తనే ఉంటది, సెట్టింగ్స్ దాని మీద బతుకుతయి, నీ 3 వోల్టుల సీఆర్2032 బిళ్ళ ఉన్నా లేకున్నా వాటికేం ఫరక్ పడదు. వైరు తీసి పవర్ బటన్ నొక్కిపట్టి లోపల మిగిలింది కూడ దించాలె. అయినా నేనంటున్నది పీకుడు రాదని కాదు, పీకొద్దని. హార్డ్ డిస్క్‌తోని మాట్లాడెతందుకు ఈ పాత బోర్డు డీఫాల్ట్ ఐడీఈ అనే పాత పద్ధతి, నేను విండోస్ ఎక్కించింది ఏహెచ్‌సీఐ అనే కొత్త పద్ధతి పెట్టి. రీసెట్ అయితే పొద్దుగాల్నే బ్లూ స్క్రీన్, 7బీ ఎర్రర్. అదొక్కటేనా, డేట్ వెనుకకు పోతది, డేట్ తప్పుంటే బ్రౌజర్ సైట్లు తెరువదు, సర్టిఫికెట్ చెల్లదంటది, నువ్వేమో ఫారాలు నింపుకుందామని వచ్చినోళ్ళకు నెట్ పోయిందని చెప్తవ్.

బామ్మర్ది: రీసెట్ అయినంక కీబోర్డ్ పనిచేస్తది గదా బావా, లోపలికి పోయి ఏహెచ్‌సీఐ పెట్టుకుంట, డేట్ మార్చుకుంట. రెండు నిమిషాల పనికి ఇంత భయమా?

బావ: ఇంకేమేం మార్చినమో యాదికున్నదా నీకు?

బామ్మర్ది: నాకెట్ల ఉంటది? పెట్టింది నువ్వు. రాసిపెట్టాల్సింది కూడ నువ్వే.

(దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.)

బావ: సరే అది ఇడ్సిపెట్టు. వెనుక ఊదా రంగు గుండ్రటి పోర్ట్ ఉన్నది చూడు, పీఎస్/2. 1987ల ఐబీఎం తెచ్చింది. దానికి యూఎస్‌బీతోని సంబంధమే లేదు, నువ్వు యూఎస్‌బీ ఎన్ని బంద్ చేసినా అది పలుకుతది.

బామ్మర్ది: నిన్న నువ్వు ఫోన్‌ల చెప్పినవని కన్వర్టర్ కొన్న, ఈ యూఎస్‌బీ కీబోర్డే దాంట్ల గుచ్చిన. ఏం పలకలే. పైసలు దండుగ.

బావ: అవును, అది నా తప్పే. ఆ కన్వర్టర్ల ఏం ఉండదు, తీగలు కలుపుతది అంతే. కీబోర్డ్‌కే రెండు భాషలు రావాలె, ఇప్పటి చవక కీబోర్డ్‌లు చాలావాటికి యూఎస్‌బీ ఒక్కటే వస్తది.

బామ్మర్ది: మరి కొత్త బోర్డ్‌లల్ల చాలావాటికి ఆ పోర్టే లేదు. అప్పుడేం చేస్తవ్? బ్యాటరీయే పీకుతవ్!

బావ: పీకుత. బోర్డు మీద రీసెట్ చేసే జంపర్ పిన్నులుంటే అవి కలుపుత. ఏ దారీ లేనప్పుడు. దీనికి ఉన్నది గదా!

బామ్మర్ది: షిఫ్ట్ పట్టి రీస్టార్ట్ కొడితే విండోసే బయోస్‌లకు తీస్కపోతదట గదా?

బావ: అది యూఈఎఫ్ఐల, అంటే బయోస్ జాగల వచ్చిన కొత్త దాంట్ల, ఎక్కించిన విండోస్‌కు. దీంట్ల ఆ ఆప్షనే కనపడదు. అసల్ నువ్వు బంద్ చేసిన సెట్టింగ్‌తోని పెన్‌డ్రైవ్ ఆగిందా? విండోస్ లేచినంక డ్రైవర్లు దానివే, బయోస్ మాట వినదు. పెన్‌డ్రైవ్ దర్జాగ నడుస్తున్నది, తాళం పడ్డది నీకే. ఆపాలంటే విండోస్ లోపలి సెట్టింగ్స్ ఉండే రిజిస్ట్రీల యూఎస్‌బీస్టోర్ కింద స్టార్ట్ వాల్యూ 4 చేయాలె, కీబోర్డ్ మౌస్ జోలికి పోదు.

బామ్మర్ది: మొత్తం ఆపితే నా షాపుకెవడొస్తడు? అందరు వాట్సాప్‌ల పంపుతరా? కోచింగ్ పోరగాళ్ళు నోట్స్ పెన్‌డ్రైవ్‌లనే తెస్తరు.

బావ: వైరస్ అని ఏడ్చింది నువ్వే గదరా!

బామ్మర్ది: వైరస్ వద్దన్న, కస్టమర్లు వద్దనలే. నీకు సీటీసీల రిపేర్ బిల్లు వస్తది, నాకు పేజీకి ఇంత అని వస్తది. ఇంతకీ ఆ పీఎస్/2 కీబోర్డ్ ఏడున్నది?

బావ: బ్యాగ్‌ల. మీ అక్క సజ్జ మీద పడేసింది, తుడిచి తెచ్చిన.

బామ్మర్ది: తెచ్చి గంటసేపు లెక్చరా?!

కంప్యూటర్ బంద్ చేసే గుచ్చినం, నడుస్తుంటే గుచ్చితే దాన్ని గుర్తుపట్టదు. ఆన్ కొట్టంగనే నమ్ లాక్ లైట్ వెలిగింది, డిలీట్ నొక్కితే నీలం మెనూ వచ్చింది. ముందు ఒక్కో పేజీ ఫోన్‌ల ఫోటో తీసిన, వాడు నా భుజం మీది నుంచి చూసుకుంట "ఇదేదో పోయినేడు తీయాల్సింది" అన్నడు. ఎనేబుల్ పెట్టి సేవ్ చేసినం. విండోస్ లేస్తుంటే షట్టర్ కింద నుంచి ఒక పోరడు వంగి "అన్నా, నాలుగు పేజీలు ప్రింట్" అని పెన్‌డ్రైవ్ చాపిండు. బామ్మర్ది నా దిక్కు ఒకసారి చూసి, తీస్కొని గుచ్చిండు.