రాయడానికి వేళ ఇవ్వకుండా పేపర్లు అడగడమేమిటి?

కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను పరిశోధన పత్రాలు అడగని విశ్వవిద్యాలయం లేదు. వాటిని వారంలో ఏ గంటల్లో రాయాలో మాత్రం ఎవరూ చెప్పరు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నాటి నిబంధనల ప్రకారం వారానికి 16 గంటలు నేరుగా పాఠం చెప్పాలి. ఇన్విజిలేషన్, జవాబు పత్రాలు దిద్దడం, అడ్మిషన్ల పని, విద్యాసంస్థలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వస్తుందంటే ఫైళ్లు సర్దడం దానికి అదనం. పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్న శాఖల్లో ముగ్గురి పని ఒక్కరి నెత్తిన పడుతోంది. ఇక రాత మిగిలేది అర్ధరాత్రికే. ఇంటి చాకిరీ కూడా మోసే మహిళా అధ్యాపకులకు ఆ అర్ధరాత్రి కూడా దక్కదు.

అందుకే యువ అధ్యాపకులకు సామూహిక రచనా శిబిరాలు కావాలి. సెలవు పెట్టుకుని, సొంత డబ్బుతో వెళ్లేవి కావు. ఆన్ డ్యూటీగా లెక్కించేవి కావాలి.

ఈ శిబిరాల పద్ధతి చాలా సాదాసీదాది. స్కాట్లాండ్‌లో రోవెనా మర్రే అనే ప్రొఫెసర్ ఏళ్ల తరబడి నడిపిన శిబిరాల్లో అందరూ ఒకే గదిలో కూర్చుని రాస్తారు. ఉపన్యాసాలు ఉండవు. గంట, గంటన్నర చొప్పున రాత విడతలు ముందే ఖాయం చేస్తారు. ఆ సమయంలో ఇంటర్నెట్ జోలికి పోరు. విడతకు ముందు, ఏం రాయబోతున్నారో పక్కవారికి చెప్పాలి. కీలకమంతా అక్కడే ఉంది. ‘పూర్వ పరిశోధనల సమీక్ష పూర్తి చేస్తాను’ అంటే చెల్లదు. ‘గోదావరి డెల్టా కౌలు రైతులపై నేను చదివిన రెండు అధ్యయనాలు ఎక్కడ విభేదిస్తున్నాయో 300 మాటల్లో రాస్తాను’ అనాలి. గంటన్నర తర్వాత ఆ పక్కవారే అడుగుతారు: అయిందా? కాకపోతే ఎక్కడ ఆగింది? ఏళ్లుగా కదలని పేపరు ఆ ప్రశ్నకు కదులుతుంది.

తపన ఉన్నవాడు ఎక్కడైనా రాస్తాడని, శిబిరాలు చివరికి విహారయాత్రలవుతాయని పెద్దలు కొందరు అంటారు. తపనను నేను కాదనను. కానీ ఇంట్లో మరొకరు వండిపెడుతుంటే గది తలుపు వేసుకుని రాసిన తరం, ఆ వెసులుబాటును తన ప్రతిభగా లెక్కగట్టుకోవడం న్యాయం కాదు.

అసలు జబ్బు మన చదువుల్లోనే ఉంది. బడిలో గైడు, కాలేజీలో నోట్సు, పరీక్షలో బట్టీ పట్టిన జవాబు. చిత్తుప్రతి రాసి, మరొకరికి చూపించి, కొట్టేసి మళ్లీ రాయడం ఏ తరగతిలోనూ నేర్పం. అలా పెరిగిన విద్యార్థి పీహెచ్‌డీలో చేరాక, అసంపూర్తి రాతను తోటివారికి చూపడమే పరువు తక్కువ అనుకుంటాడు. పరిశోధనను పర్యవేక్షించే ప్రొఫెసర్‌కు తీరిక ఉండదు. రాత పట్ల ఈ భయమే డబ్బు పుచ్చుకుని ఏదైనా అచ్చేసే పత్రికలకు పెట్టుబడి. యూజీసీ 2018 మేలో తాను ఆమోదించిన పరిశోధన పత్రికల జాబితా నుంచి 4,305 పత్రికలను తొలగించింది. తర్వాత నాణ్యమైన పత్రికలతో కేర్ అనే కొత్త జాబితా తెచ్చింది, 2025లో దాన్నీ పక్కన పెట్టింది. జాబితాలు ఎన్ని మార్చినా రాయగలిగినవారు తయారు కారు. పక్కన కూర్చుని చిత్తుప్రతి చదివే మనిషి దొరికితే తయారవుతారు.

డబ్బు లేదనే మాట నమ్మదగ్గది కాదు. ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద అంతర్జాతీయ పత్రికలు చదివేందుకు కేంద్రం మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. మంచి పనే. చదవడానికి అంత ఖర్చు పెట్టగలిగినప్పుడు, రాయడానికి ఐదు రోజుల బస, భోజనం భారమెలా అవుతుంది? అధ్యాపకుల శిక్షణకు మాలవీయ మిషన్ కేంద్రాలు ఉస్మానియాలోనూ హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ ఉన్నాయి. పదోన్నతి కోసం అధ్యాపకులు ఎలాగూ రిఫ్రెషర్ కోర్సులకు వెళ్తున్నారు. వాటిలో ఉపన్యాసాలు సగానికి తగ్గించి, ఆ రోజులను రాతకు వదిలేయాలి. చివరి రోజున హాజరు పట్టిక బదులు చిత్తుప్రతి అడగాలి.

ఇందులో కాంట్రాక్టు, గంటల లెక్కన పాఠం చెప్పే అధ్యాపకులను మరిచిపోకూడదు. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల తరగతులు చాలావరకు వారి మీదే నడుస్తున్నాయి. రేపు శాశ్వత పోస్టుకు దరఖాస్తు చేసుకోవాలంటే వారికీ ప్రచురణలే కావాలి. కానీ పాఠం చెప్పని రోజుకు గంటల అధ్యాపకుడికి జీతం రాదు. శిబిరంలో కనీసం సగం సీట్లు వీరికి కేటాయించాలి, ఆ రోజుల వేతనం కోత లేకుండా చెల్లించాలి.